కోత కడుపుకు, ముప్పు ఊపిరికి

నల్లగొండ పెద్ద దవాఖానలోనో, మహబూబ్‌నగర్ జనరల్ ఆస్పత్రిలోనో కడుపు ఆపరేషన్ చేయించుకున్న ఎవరినైనా అడగండి. ఆపరేషన్ అయిన మర్నాడే సిస్టరు వచ్చి గట్టిగా దగ్గమని ఉంటుంది. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేతిలో పెట్టి, గొట్టం నోట్లో పెట్టుకుని బంతులు పైకి లేచేదాకా ఊపిరి పీల్చమని ఉంటుంది. కుట్లు లాగుతున్నాయి, నావల్ల కాదంటే, పొట్టకు దిండు అదిమి పట్టుకునైనా దగ్గమంటుంది. పక్కన కూర్చున్న ఇంటివాళ్లకు ఇదంతా వింతగా ఉంటుంది. కోసింది కడుపు గదా, ఊపిరితిత్తులతో ఏం పని?

పని ఉంది. పెద్ద ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కుల్లో కోసిన చోట చీము పట్టడం అందరికీ తెలిసిందే. దానికంటే ప్రాణాంతకమైంది ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడం. మత్తు డాక్టర్లకు ఇది వందేళ్ల నుంచీ తెలిసిన శత్రువే. 2020లో కరోనా వచ్చి ఈ పాత ముప్పును రెండు రకాలుగా మార్చింది. కొందరిలో దాన్ని ఎన్నో రెట్లు పెంచింది. మరోవైపు నిమ్ము తెచ్చే కొన్ని పాత క్రిములకు దారులే మూసేసింది. ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది అని కారణాల వెంట నడుచుకుంటూ పోతే ఒక సంగతి తేటపడుతుంది: ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తులు ఎట్లా ఉంటాయన్నది చాలావరకు ఆపరేషన్‌కు ముందు వారాల్లోనే తేలిపోతుంది. ఈ సంగతి తెలుసుకోవలసిన అవసరం నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతాల వాళ్లకు మరీ ఎక్కువని నేను నమ్ముతున్నాను.

మత్తులో ఊపిరికి ఏమవుతుంది

మనం పీల్చిన గాలి చివరికి చేరేది అతి చిన్న గాలితిత్తుల్లోకి. మనిషిలో ఇవి 30 కోట్లకు పైగానే ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. గోడలు పలచన, లోపలంతా తడి. తడి గోడలు దగ్గరికొస్తే అతుక్కుపోవాలని చూస్తాయి. వానలో తడిసిన పాలిథిన్ కవరును గుర్తుచేసుకోండి. నోరు కాస్త తెరుచుకుని ఉన్న కవరులో ఊదితే ఇట్టే ఉబ్బుతుంది. లోపలి గోడలు పూర్తిగా అతుక్కున్న కవరును విడదీయాలంటే చాలా అవస్థ పడాలి.

గాలితిత్తులు అట్లా అతుక్కోకుండా శరీరం రెండు ఏర్పాట్లు చేసుకుంది. గోడల మీద జిడ్డులాంటి ఒక పలచని పొర ఉంటుంది. అది తడి పట్టును సడలిస్తుంది. రెండోది నిట్టూర్పు. దిగులు ఉన్నా లేకున్నా ప్రతి మనిషీ గంటకు పది పన్నెండు సార్లు తనకు తెలియకుండానే మామూలు కంటే లోతుగా ఒక ఊపిరి తీస్తాడు. మూసుకుపోబోతున్న తిత్తులన్నీ ఆ ఒక్క ఊపిరితో మళ్లీ తెరుచుకుంటాయి.

పూర్తి మత్తు ఇచ్చిన కొద్ది నిమిషాల్లోనే ఈ ఏర్పాట్లు దెబ్బతింటాయి. ఛాతీకీ పొట్టకూ మధ్య పరుచుకుని ఉండే ఉదరవితానం అనే కండరం సడలిపోతుంది. మనిషి వెల్లకిలా పడుకుని ఉంటాడు కాబట్టి పొట్టలోని అవయవాల బరువు దాన్ని ఛాతీ వైపు నెడుతుంది. ఊపిరితిత్తుల అడుగు భాగాలు నలిగి, అక్కడి తిత్తులు మూసుకుపోతాయి. పూర్తి మత్తులోకి వెళ్లిన పదిమందిలో తొమ్మిదిమందికి ఎంతో కొంత ఇట్లా అవుతుంది. మిషను ఇచ్చే గాలి ఒకే కొలతతో వచ్చిపోతుంటుంది, అందులో నిట్టూర్పులు ఉండవు. ఆరోగ్యవంతుల్లో ఇది ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. అందుకే మనలో చాలామంది మత్తు తీసుకుని లేచి ఇంటికి నడిచి వెళ్లగలుగుతున్నాం.

చిక్కు మొదలయ్యేది మూసుకున్న తిత్తులు తెరుచుకోనప్పుడు. గాలి ఆడని చోట తెమడ నిలుస్తుంది. మామూలుగా శ్వాసనాళాల లోపలి సూక్ష్మమైన రోమాలు ఆ తెమడను కొంచెం కొంచెంగా గొంతు వైపు తోసేస్తుంటాయి. మత్తు వాయువులు, పొడి గాలి, గొంతులో వేసిన గొట్టం ఆ రోమాల కదలికను మందగింపజేస్తాయి. అదే సమయంలో నోట్లో, గొంతులో ఎప్పుడూ ఉండే క్రిములు లాలాజలంతో కలిసి చుక్కలు చుక్కలుగా కిందికి జారుతాయి. మెలకువలో ఉన్న మనిషికైతే వెంటనే దగ్గు వస్తుంది. మత్తులో దగ్గు రాదు. నిలిచిన తెమడ, జారిన క్రిములు, గాలి ఆడని మూల, ఈ మూడూ కలిసిన చోట నిమ్ము పడుతుంది.

కడుపు కోతకూ దీనికీ ఉన్న బంధం ఇక్కడే ఉంది. కోత పక్కటెముకలకు ఎంత దగ్గరగా ఉంటే ఊపిరికి అంత ముప్పు. పిత్తాశయం, జీర్ణాశయం, కాలేయం దగ్గర పొట్టను పెద్దగా తెరిస్తే ఉదరవితానం దాదాపు వారం రోజులు సరిగా పనిచేయదు. దానికి నొప్పి తోడవుతుంది. లోతుగా పీలిస్తే కుట్లు లాగుతాయి కాబట్టి రోగి పైపైన ఊపిరి తీస్తాడు. దగ్గితే ప్రాణం పోయినట్టుంటుంది కాబట్టి దగ్గును ఆపుకుంటాడు. ఇంటివాళ్లు ప్రేమ కొద్దీ కదలొద్దంటారు. రెండు రోజులు అట్లా వెల్లకిలా పడుకుంటే మూడో రోజుకు జ్వరం, ఆయాసం. దూర్బీను ఆపరేషన్లు వచ్చాక చిన్న రంధ్రాలతో పని అయిపోతోంది కాబట్టి ఈ ముప్పు బాగా తగ్గింది. బొడ్డుకు చాలా కింద జరిగే ఆపరేషన్లలో, వెన్నులో మత్తు సూది వేసి చేసేవాటిలో ఇంకా తక్కువ.

వైరస్ దెబ్బ కొట్టిన చోటు

జిడ్డు పొర గురించి చెప్పుకున్నాం గదా. గాలితిత్తుల గోడల్లో రెండు రకాల కణాలు ఉంటాయి. ఆ పొరను తయారుచేసేది రెండో రకం కణాలే. కరోనా వైరస్ లోపలికి దూరడానికి పట్టుకునే ఏసీఈ2 అనే గ్రాహకం ఎక్కువగా ఉన్నది కూడా వీటి మీదనే. వైరస్ వాటిని చంపుతుంది. పొర పలచబడుతుంది. తిత్తుల్లోకి నీరు ఊరుతుంది. అంటే మత్తు తాత్కాలికంగా చేసే పనినే వైరస్ మొండిగా, రోజుల తరబడి చేస్తుంది. ఒకే ఊపిరితిత్తి మీద ఈ రెండూ కలిసి పడితే ఏమవుతుందో 2020 మొదటి నెలల్లోనే తెలిసింది.

2020 జనవరి 1 నుంచి ఫిబ్రవరి 5 దాకా చైనాలోని వూహాన్‌లో నాలుగు ఆస్పత్రుల్లో 34 మంది ముందే తేదీ ఖాయం చేసుకున్న ఆపరేషన్లకు వచ్చారు. అప్పటికి వాళ్లలో ఎవరికీ కరోనా లక్షణాలు లేవు. వైరస్ లోపల ఉంది, బయటపడలేదు. ఆపరేషన్ అయ్యాక అందరికీ నిమ్ము వచ్చింది. 15 మందిని ఐసీయూకు మార్చాల్సి వచ్చింది. ఏడుగురు చనిపోయారు. ఆ లెక్క చూసి ప్రపంచమంతటా సర్జన్లు ఉలిక్కిపడ్డారు.

ఆ తర్వాత బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా కోవిడ్‌సర్జ్ అనే బృందం ప్రపంచవ్యాప్తంగా లెక్కలు సేకరించింది. 24 దేశాల్లోని 235 ఆస్పత్రుల్లో ఆపరేషన్‌కు ఏడు రోజుల ముందు నుంచి నెల తర్వాత దాకా కరోనా బయటపడిన 1,128 మందిని పరిశీలించి 2020 మే నెలాఖరున లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. సగానికి మించి, అంటే 577 మందికి ఊపిరితిత్తుల సమస్యలు వచ్చాయి. నెల తిరిగేలోగా 268 మంది చనిపోయారు. వాళ్లలో 219 మంది ఊపిరితిత్తుల సమస్య వచ్చినవాళ్లే. ఆ రోజుల్లో పరీక్షలు చాలావరకు జ్వరం, ఆయాసం ఉన్నవాళ్లకే చేశారు కాబట్టి తేలికగా గట్టెక్కినవాళ్లు కొందరు లెక్కలోకి రాకపోయి ఉండొచ్చు. ఆ తేడా తీసేసినా ముప్పు చిన్నదేమీ కాదు.

గాలితిత్తులు మూసుకుపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. పెద్ద కోత పడగానే శరీరం గాయం మాన్పుకోవడానికి వాపు పుట్టించే రసాయనాలను విడుదల చేస్తుంది. వైరస్‌తో పోరాడుతున్న శరీరంలో అవి అప్పటికే పొంగి ఉంటాయి. పైగా పెద్ద ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు వైరస్‌ను వేటాడే తెల్లరక్తకణాలు మందగిస్తాయి. ఇక రక్తం గడ్డకట్టే గుణం: ఆపరేషన్ దాన్ని పెంచుతుంది, కరోనా కూడా పెంచుతుంది. ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో చిన్న గడ్డలు అడ్డం పడితే, గాలి చేరినా ఆక్సిజన్ రక్తంలోకి ఎక్కదు.

■ బాక్స్: ఏడు వారాల లెక్క ఎక్కడిది?

కరోనా తగ్గాక ఎన్నాళ్లకు ఆపరేషన్ చేయించుకోవచ్చు? 2020 అక్టోబరులో 116 దేశాల్లో ఆపరేషన్ అయిన 1,40,231 మందిని కోవిడ్‌సర్జ్ బృందం గమనించింది. వాళ్లలో 3,127 మందికి అంతకుముందే కరోనా వచ్చింది. కరోనా రానివాళ్లలో ఆపరేషన్ తర్వాత నెలలోపు మరణాలు వయసు, జబ్బుల తేడాలు సరిచేశాక 1.5 శాతం. కరోనా తేలిన రెండు వారాల్లోపు కోత పడినవాళ్లలో 4.1 శాతం. మూడు నాలుగు వారాలకు 3.9, అయిదారు వారాలకు 3.6. ఏడు వారాలు దాటాక మళ్లీ 1.5కు దిగింది.

మెల్లగా జారుతూ రావలసిన లెక్క ఏడో వారం దగ్గర ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. జిడ్డు పొర మళ్లీ ఏర్పడటానికి, వాపు తగ్గడానికి, రోమాలు తిరిగి మొలవడానికి శరీరానికి కాలం పడుతుందన్నది తెలిసిన విషయమే. అయితే ఏడు వారాలైనా ఆయాసం, దగ్గు పోనివాళ్లలో మరణాలు 6 శాతం దాకా ఉన్నాయి. కాబట్టి క్యాలెండరు ఒక్కటే చూస్తే చాలదు, మెట్లెక్కితే రొప్పు వస్తోందా అన్నది కూడా చూడాలి.

ఆగగలిగినవాళ్లు, ఆగలేనివాళ్లు

ఏడు వారాలు ఆగమనడం కాగితం మీద తేలిక. మన జిల్లాల్లో అది ఎట్లా నడిచిందో చూడాలి.

తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. కొద్ది వారాల్లోనే సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రిని పూర్తిగా కరోనాకు కేటాయించారు. సూర్యాపేటలో ఏప్రిల్ నెలలోనే కూరగాయల మార్కెట్ చుట్టూ కేసులు గుంపుగా బయటపడ్డాయి. అప్పటికి మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలకు నాలుగేళ్లు, నల్లగొండ, సూర్యాపేట కళాశాలలకు ఏడాది వయసు. బీబీనగర్ ఎయిమ్స్‌లో తరగతులు మొదలయ్యాయి గాని అది ఇంకా పూర్తిస్థాయి ఆస్పత్రి కాలేదు. నాగర్‌కర్నూలు, వనపర్తిలో వైద్య కళాశాలలు 2022 నవంబరులో గాని రాలేదు. పెద్ద ఆపరేషన్ అంటే పట్నం పోవడమే ఈ ప్రాంతానికి అలవాటు. అచ్చంపేట నుంచైనా, మిర్యాలగూడ నుంచైనా చివరి మెట్టు గాంధీ, ఉస్మానియా, నిమ్స్. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న మొదట ప్రయోగించిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ కార్డు వచ్చాక ప్రైవేటు ఆస్పత్రి తలుపు కూడా తెరుచుకుంది. లాక్‌డౌన్‌లో కార్డు జేబులోనే ఉంది, బస్సు లేదు.

ఇట్లా ఆపరేషన్లు ఆగింది మన దగ్గరే కాదు. తొలి అల ఉధృతంగా ఉన్న 12 వారాల్లో ప్రపంచంలో 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు వాయిదా పడి ఉంటాయని కోవిడ్‌సర్జ్ అంచనా వేసింది. అందులో మన దేశం వాటా 5 లక్షల 80 వేలకు పైనే.

వాయిదాకూ నిమ్ముకూ సంబంధం ఏమిటంటే, గిలక జారిన (హెర్నియా వచ్చిన) మనిషిని తీసుకోండి. ముందే తేదీ పెట్టుకున్న హెర్నియా ఆపరేషన్ అయితే ఖాళీ కడుపుతో వస్తాడు, వెన్నులో సూదితో పని అయిపోతుంది, సాయంత్రానికి లేచి నడుస్తాడు. అదే హెర్నియా నెలల తరబడి ఆగి, ఒక రాత్రి పేగు ఇరుక్కుని నల్లబడితే, అప్పుడు అతను వాంతులతో, ఉబ్బిన పొట్టతో, ఒంట్లో నీరు ఇంకిపోయి వస్తాడు. పూర్తి మత్తు తప్పదు. మత్తు ఇచ్చే క్షణంలో కడుపులోనిది పైకి పొంగి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. పొట్టను పెద్దగా తెరవాలి. తర్వాత రోజుల తరబడి మంచం. ఒంట్లో ఒక్క వైరస్ కణం లేకపోయినా అతనికి వచ్చే నిమ్ముకు కరోనానే కారణం. ఇటువంటి నిమ్ములు ఏ కరోనా లెక్కలోనూ కనిపించవు.

ఆగలేని ఆపరేషన్ ఇంకొకటి ఉంది. తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం పెద్దాపరేషన్‌తోనే అవుతున్నాయని 2019లో ఇక్కడ జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ సర్వేలో దేశంలో ఇదే అత్యధికం. ఇన్ని కోతలు అవసరమా అన్నది వేరే చర్చ, జరగవలసిన చర్చ. కరోనా కాలంలో మాత్రం ఒక విషయం తల్లులకు కలిసొచ్చింది. సిజేరియన్ ఎక్కువగా వెన్నులో సూదితోనే జరుగుతుంది. గొంతులో గొట్టం ఉండదు, ఉదరవితానం పని ఆపదు, తల్లి తన ఊపిరి తానే తీసుకుంటుంది. అయితే నిండు గర్భిణికి బిడ్డ బరువు వల్ల ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముందే నలిగి ఉంటాయి. అందుకే కరోనా నిమ్ముతో వచ్చిన గర్భిణులు త్వరగా క్షీణించారు.

మునుగోడు ఎముకలు, పాలమూరు దుమ్ము

ఇప్పుడు ఈ ప్రాంతం ప్రత్యేకతకు వస్తాను. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు పెద్దవాళ్లు దశాబ్దాలపాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగారు. నీటిలో ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టింది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వచ్చాయి, మిషన్ భగీరథ కుళాయిలు వచ్చాయి. పిల్లలకు ఆ బాధ తప్పింది. అప్పటికే ఎముకల్లో పేరుకున్నది మాత్రం పెద్దవాళ్ల ఒంట్లో అట్లాగే ఉంది.

ఫ్లోరోసిస్ అనగానే వంకర కాళ్లు, వంగిన నడుము గుర్తొస్తాయి. ఊపిరి ఎవరికీ గుర్తురాదు. ఎముకలను కలిపే బంధనాలు గట్టిపడి ఎముకలుగా మారడం ఈ జబ్బు స్వభావం. పక్కటెముకలు వెన్నుపూసతో కలిసే చోట కూడా అదే జరుగుతుంది. మనం పీల్చినప్పుడు పక్కటెముకలు పైకి, బయటికి కదలాలి. అవి బిగుసుకుంటే ఛాతీ విప్పారదు, ఊపిరి భారమంతా ఉదరవితానం మీద పడుతుంది. అటువంటి మనిషికి పై కడుపులో కోత పడితే ఆ ఒక్క కండరం కూడా వారం రోజులు మూలనపడుతుంది. పోనీ వెన్నులో సూది వేద్దామంటే వెన్నుపూసల మధ్య సందులు గట్టిపడి సూది దిగడం కష్టం. పూర్తి మత్తు ఇద్దామంటే మెడ వెనక్కి వంగదు, గొట్టం వేయడం కష్టం. మత్తు డాక్టరుకు ఇంత ఇరకాటం పెట్టే జబ్బు ఆపరేషన్‌కు ముందు రాసే కాగితంలో నడుం నొప్పి అనే రెండు మాటలతో సరిపోతే, అది రోగికి అన్యాయం.

దీనికి తోడు కట్టెల పొయ్యి దగ్గర ముప్పై నలభై ఏళ్లు వంట చేసిన ఆడవాళ్ల శ్వాసనాళాలు, చుట్ట తాగిన ముసలివాళ్ల ఊపిరితిత్తులు, క్రషర్లలో రాతి దుమ్ము పీల్చిన కూలీలు, వలస వెళ్లి భవన నిర్మాణంలో సిమెంటు దుమ్ము పీల్చిన పాలమూరు కూలీలు, ఎప్పుడో క్షయ వచ్చి మచ్చ మిగిలినవాళ్లు. పొగ తాగని ఆడమనిషిని చూసి ఊపిరితిత్తులు బాగానే ఉంటాయనుకోవడం మన దగ్గర చెల్లదు. తెమడను తోసే రోమాలు పొయ్యి పొగకు కూడా మొద్దుబారతాయి. వీళ్లలో ఎంతోమందికి కరోనా వచ్చి, పరీక్ష చేయించుకోకుండానే తగ్గిపోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని జ్వరం తగ్గితే చాలనుకున్నారు. ఏడు వారాల లెక్క ఎప్పటినుంచి మొదలుపెట్టాలో వీళ్ల విషయంలో ఏ డాక్టరుకు తెలుస్తుంది?

ఏడు వారాలు ఆగనివ్వని బూజు

నాగార్జునసాగర్ ఉప ఎన్నిక 2021 ఏప్రిల్ 17న జరిగింది. ఆ రోజుల్లోనే రెండో అల రాష్ట్రాన్ని ముంచెత్తింది. నెల తిరగకుండానే బ్లాక్ ఫంగస్ వచ్చింది. మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుగా ప్రకటించింది. హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆస్పత్రి దాని చికిత్సకు ప్రధాన కేంద్రమైంది. ఇంకా కరోనా ఉన్నవాళ్లను గాంధీలో చేర్చుకున్నారు. జూన్ నెలాఖరుకు దేశంలో 40,845 కేసులు నమోదయ్యాయి. వాళ్లలో 85 శాతం మందికి అంతకుముందు కరోనా వచ్చింది, 64 శాతం మందికి షుగరు ఉంది, సగానికి పైగా స్టెరాయిడ్లు వాడినవాళ్లు.

ఈ బూజు ముక్కు పక్కన గాలి గదుల్లో మొదలై కన్ను వైపు, మెదడు వైపు పాకుతుంది. రక్తనాళాలను మూసేస్తుంది కాబట్టి మందు అక్కడికి చేరదు. చచ్చిన కండను కోసి తీయాల్సిందే, అదీ వెంటనే. అంటే కరోనా నిమ్ము నుంచి రెండు మూడు వారాల కిందట బయటపడ్డ మనిషికి, షుగరు అదుపులో లేని మనిషికి, స్టెరాయిడ్లతో రోగనిరోధకత తగ్గిన మనిషికి పూర్తి మత్తు ఇవ్వాలి. కొందరికి మళ్లీ మళ్లీ ఇవ్వాలి. ఏడు వారాల నియమం చెప్పే జాగ్రత్తలన్నీ ఒక్క రోగిలోనే తలకిందులయ్యాయి. ఆగితే కన్ను పోతుంది, ప్రాణం పోతుంది. ఆగకపోతే ఊపిరితిత్తులు తట్టుకుంటాయో లేదో తెలియదు. కోఠి ఆస్పత్రిలో ఆ వేసవిలో సర్జన్లు, మత్తు డాక్టర్లు ఈ తూకం రోజూ వేశారు. వాళ్ల అనుభవం వైద్య విద్యార్థులకు పాఠంగా అందాలని నా కోరిక.

కొన్ని క్రిములు ఎందుకు తగ్గాయి

ఇదే కాలంలో ఇంకో వైపు వేరే మార్పు వచ్చింది. నిమ్ముకు పేరుమోసిన న్యూమోకాకస్ క్రిమి, మరో రెండు శ్వాస క్రిములు రక్తంలోకి పాకి తెచ్చే తీవ్రమైన జబ్బులు 2020లో 26 దేశాల్లో ఒక్కసారిగా పడిపోయాయి. ఆ దేశాల ప్రయోగశాలలు కలిసి ఈ లెక్క తీశాయి. జనం ఆస్పత్రికి రావడం మానేశారు కాబట్టి లెక్క తగ్గిందేమో అన్న అనుమానం రావాలి. పరిశోధకులకూ వచ్చింది. అందుకే ఊపిరి తుంపర్లతో వ్యాపించని గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి లెక్కను కూడా పక్కన పెట్టి చూశారు. అది తగ్గలేదు. అంటే తగ్గింది నిజంగా తుంపర్లతో పాకే క్రిములే. మాస్కు, దూరం, మూసిన బడులు చేసిన పని అది. ఆపరేషన్ బల్ల ఎక్కే మనిషి గొంతులో ఇటువంటి క్రిములు తక్కువగా ఉంటే, మత్తులో కిందికి జారే చుక్కలో కూడా తక్కువే ఉంటాయి.

ఆస్పత్రి లోపల కూడా దారులు వేరుచేస్తే ఫలితం కనిపించింది. 55 దేశాల్లో క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్న 9,171 మందిని చూస్తే, కరోనా రోగులకు ఆపరేషన్ థియేటరూ వార్డూ ఐసీయూ పూర్తిగా వేరుగా ఉన్నచోట ఊపిరితిత్తుల సమస్యలు 2.2 శాతం. వేరుగా లేనిచోట 4.9 శాతం.

ఐసీయూల్లో మాత్రం కథ ఎదురు తిరిగింది. వెంటిలేటర్ మీద ఎక్కువ రోజులు ఉండేవాళ్లు పెరిగారు, ఒక్కో సిస్టరు చూసుకోవలసిన మంచాలు పెరిగాయి, పీపీఈ కిట్లలో గంటలకొద్దీ పనిచేస్తూ నోటి శుభ్రత వంటి చిన్న పనులు తప్పిపోయాయి. భారత వైద్య పరిశోధన మండలి పది ఆస్పత్రుల్లో కరోనాతో చేరిన 17,534 మందిని చూస్తే, 3.6 శాతం మందికి ఆస్పత్రిలో ఉండగా మరో క్రిమి సోకింది. వాళ్లలో సగానికి పైగా చనిపోయారు. ముందువరసలో ఉన్న క్రిములు క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్. రెండూ మందులకు లొంగడం మానేసినవే. మాస్కు తుంపర్ల దారి మూసింది గాని, చేతుల మీదుగా, గొట్టాల మీదుగా పాకే క్రిములకు రద్దీ తలుపు తెరిచింది.

అరగంట పాఠం

మళ్లీ ఆ మూడు బంతుల డబ్బా దగ్గరికి వద్దాం. కరోనా రోజుల్లో మందుల షాపుల్లో దాన్ని కొనుక్కున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. దాన్ని ఊదే బొమ్మ అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఊదితే లాభం లేదు. మెల్లగా, లోతుగా పీల్చి, రెండు మూడు క్షణాలు ఊపిరి బిగబట్టాలి. మత్తు లాగేసుకున్న నిట్టూర్పును మనం కావాలని తిరిగి తెచ్చుకోవడమే అందులోని కిటుకు. డబ్బా లేకపోయినా ఆ ఊపిరి తీయవచ్చు.

ఎప్పుడు నేర్పాలన్నది అసలు ప్రశ్న. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పై కడుపు ఆపరేషన్‌కు వచ్చిన 441 మందిని రెండుగా విడదీసి చూశారు. ఒక సగానికి కరపత్రం ఇచ్చి సరిపెట్టారు. ఇంకో సగానికి ఆ కరపత్రంతో పాటు ఆపరేషన్‌కు ముందే ఫిజియోథెరపిస్టు అరగంట కూర్చుని, మత్తులో ఊపిరితిత్తులకు ఏమవుతుందో చెప్పి, లోతుగా పీల్చడం, దగ్గడం నేర్పింది. మత్తు నుంచి లేవగానే మొదలుపెట్టి గంటకోసారి చేయమంది. 2018లో వచ్చిన ఆ ఫలితాల్లో ఊపిరితిత్తుల సమస్యలు కరపత్రం వాళ్లలో 27 శాతం, పాఠం విన్నవాళ్లలో 12 శాతం. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు. నొప్పితో మూలుగుతున్న మనిషికి ఆపరేషన్ తర్వాత చెప్పే మాట చెవికెక్కదు. ముందే కారణం తెలిస్తే తానే లేచి కూర్చుని చేస్తాడు. అమెరికాలోని బోస్టన్‌లో ఒక పెద్ద ఆస్పత్రి లోతైన ఊపిరి, దగ్గు, పళ్లు తోమడం, మంచం తల ఎత్తి ఉంచడం, రోజుకు కనీసం మూడుసార్లు మంచం దిగడం, ఇంటివాళ్లకు ఇవన్నీ అర్థమయ్యేట్టు చెప్పడం కలిపి ఒక అలవాటుగా పెట్టి, ఆపరేషన్ తర్వాతి నిమ్మును 2.6 శాతం నుంచి 1.6కు తగ్గించింది.

కరోనా కాలంలో మొదట దెబ్బతిన్నవి సరిగ్గా ఈ పనులే. దగ్గడం అంటేనే భయం పుట్టింది, తుంపర్లతో పక్క మంచానికి వైరస్ పాకుతుందని. ఇంటివాళ్లను వార్డులోకి రానీయలేదు. పట్టుకుని లేపి నాలుగడుగులు నడిపించే చేయి లేకుండా పోయింది. మన వార్డుల్లో ఆ చేయి ఎక్కువగా భార్యదో, కూతురిదో, అన్నదో, తమ్ముడిదో అయి ఉంటుంది. ఆ లోటు ఎంత నిమ్ముగా మారిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడు ఎన్నాళ్లు ఆగాలి

టీకాలు వచ్చాయి, ఒమిక్రాన్ తర్వాత వైరస్ ఊపిరితిత్తుల లోతుల్లోకి పోవడం తగ్గింది. అమెరికాలోని మత్తు డాక్టర్ల సంఘాలు 2023లో సలహా మార్చాయి. తప్పనిసరి కాని ఆపరేషన్‌కు కరోనా సోకాక కనీసం రెండు వారాలు ఆగాలి. రెండు నుంచి ఏడు వారాల మధ్య మనిషి వయసు, జబ్బులు, మిగిలిన లక్షణాలు, ఆపరేషన్ ఎంత పెద్దదన్నది చూసి డాక్టరు తేల్చాలి. ఈ ఆలోచన కరోనాకే పరిమితం చేయనక్కర్లేదు. జలుబు చేసి దగ్గు తగ్గని మనిషి గర్భసంచి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు గదా అని దగ్గు దాచిపెట్టుకుని రావడం మన దగ్గర మామూలు. కూలి పని పోతుంది, తోడు వచ్చే మనిషి మళ్లీ దొరకదు, ఆరోగ్యశ్రీ అనుమతి మళ్లీ తేవాలి. కారణాలన్నీ నిజమైనవే. అయినా ఆ దగ్గు సంగతి మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. కరోనా ఎప్పుడు వచ్చిందో, ఆక్సిజన్ పెట్టారో లేదో, వంట దేనిమీద చేస్తారో, మెట్లెక్కితే ఆగాల్సి వస్తోందో, ఫ్లోరైడ్ ఊళ్లో పుట్టారో కూడా చెప్పాలి. అడగకపోతే అడక్కుండానే చెప్పండి.

జిల్లా ఆస్పత్రుల్లో ముందే తేదీ పెట్టుకున్న ప్రతి ఆపరేషన్‌కూ ముందు మత్తు డాక్టరు పరీక్ష ఉంటుంది. అందరూ పీఏసీ అని పిలుస్తారు. ఆ గది ముందు బెంచీల మీద రోగి, తోడు వచ్చినవాళ్లు పేరు పిలిచేదాకా కూర్చోక తప్పదు. అరగంట పాఠానికి అంతకంటే మంచి చోటు లేదు. వినవలసిన ఇద్దరూ అక్కడే ఉంటారు, సమయమూ ఉంటుంది. కావలసింది వాళ్ల భాషలో, వాళ్ల యాసలో చెప్పే ఒక ఫిజియోథెరపిస్టు. దొరకకపోతే శిక్షణ పొందిన సిస్టరైనా చాలు.